అతుకు మీద పువ్వు

మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. బట్టలు ఇవ్వడానికో తెచ్చుకోవడానికో వెళ్ళినప్పుడు ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె కింద ఎవరింటి బట్ట ఉందో చూడ్డం నాకొక అలవాటు. మొన్న వెళ్ళేసరికి బల్ల మీద ఎవరో చిన్నపిల్ల గౌను పరిచి ఉంది. లేత నీలం నూలుగుడ్డ. కింది అంచుకు జానెడు పైన, నడిమికి కాకుండా ఒక పక్కకి ఒరిగినట్టుగా, పసుపు రంగు సీతాకోకచిలుక. బజార్లో దొరికే ఎంబ్రాయిడరీ ప్యాచ్ అది. వేరే గుడ్డ మీద దారంతో నిండుగా కుట్టి, చుట్టూ అంచు దట్టంగా అల్లి, కత్తిరించి అమ్ముతారే, అలాంటిది. ఆవిడ గౌనుని తిరగేసింది. తువ్వాలు రెండు మడతలేసి కింద పెట్టి, చిలుక దాని మీద బోర్లా వచ్చేట్టు సర్ది, వెనక నుంచి పెట్టె ఒక్కసారి ఆనించి తీసేసింది. "పైనుంచి రుద్దితే దారం అణిగిపోద్దమ్మా, బొమ్మ చచ్చిపోద్ది. కొన్నిటికి అడుగున జిగురుంటది, వేడెక్కితే జారిపోద్ది" అంది. నేను ఆ మాట వింటూనే గౌను లోపలి వైపు చూస్తున్నాను. లైనింగు వేసి ఉండటంతో ఏమీ తెలియలేదు. ఆ చిలుక కింద చిరుగు ఉందా, లేదా?

ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చిరుగు ఉంటే, ఏదో సాయంత్రం ఒక తల్లి దీపం దగ్గరికి జరిగి కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఉంటుంది. లేకపోతే, నీలానికి పసుపు బాగుంటుందని ఎవరో దుకాణంలోనే అనుకుని ఉంటారు. గౌను తొడుక్కునే పిల్లకి రెండూ ఒకటే. గాలికి గౌను ఎగిరితే చిలుక కూడా ఎగురుతుంది. మరి నాకెందుకు ఈ ఆరా? అవసరానికి చేసిన పనిని గౌరవించి, అందానికి చేసిన పనిని కాస్త తక్కువగా చూసే అలవాటు నాలో ఎక్కడో ఉండిపోయిందేమో. చాలామంది ఇళ్ళలో పిల్లల్ని అలాగే పెంచారు. కడుపుకి, ఒంటికి సరిపోయాక మిగిలితేనే సోకు. ఆ వరస సరైనదేనా అని ఎప్పుడూ ఎవరూ ఆగి అడగలేదు.

మా చిన్నప్పుడు మాసిక అంటే అన్నయ్య ఖాకీ నిక్కరే. బడి అరుగుల మీద జారీ జారీ దసరా నాటికే వెనక గుడ్డ పల్చబడి, ఒకరోజు పుటుక్కుమనేది. "పోస్టాఫీసు తెరిచావట్రా" అని పక్కింటి పెద్దాయన అడిగేవాడు. ఆ మాట మా ఊళ్ళో మగపిల్లలందరికీ ఏదో ఒక ఏడు తప్పేది కాదు. టైలరు కొత్త ఖాకీ ముక్కలు రెండు గుండ్రంగా కత్తిరించి, చెరో వైపున పెట్టి, మిషను కుట్టు నడిమి నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచు దాకా తెచ్చేవాడు. గుడ్డ ఎక్కడా లేచిపోకుండా అదే గట్టి పద్ధతి. ఇప్పుడు తల్చుకుంటే ఆ చుట్లలో ఒక అందం కనిపిస్తుంది గాని, అప్పుడు దాన్ని అందమని ఎవరూ అనుకోలేదు. అది ఉందని తెలియకుండా ఉండాలి, అంతే. పాత ఖాకీ మీద కొత్త ఖాకీ ముదురుగా కనిపిస్తుంటే అన్నయ్య చొక్కా బయటికి వదిలేసి తిరిగేవాడు. తరగతిలో సగం మందికి అలాంటి మాసికలే ఉన్నా, ఎవరి చొక్కా వాళ్ళు కిందికి లాక్కునేవాళ్ళు.

అమ్మ పద్ధతి వేరు. ఆమె దగ్గర రేకు బిస్కట్ల డబ్బా ఒకటి ఉండేది. అందులో యాంకర్ దారపు లడీలు, చెక్క రింగులు, నలిగిన కార్బన్ కాగితం, వారపత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న డిజైన్లు. నా నారింజ రంగు గౌను గేటు మేకుకు తగులుకుని పక్కన చిరిగినప్పుడు, గౌను కింది మడత విప్పితే అదే రంగు గుడ్డ వేలెడు దొరికేది. దాన్ని పెట్టి కుట్టేస్తే దూరం నుంచి ఎవరూ పోల్చలేరు. అమ్మ అలా చేయలేదు. పాత జాకెట్టులోంచి చిలకపచ్చ ముక్క తీసింది. మామిడిపిందె ఆకారంలో కత్తిరించి, అంచును గోటితో నొక్కుతూ లోపలికి మడిచి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసింది. తర్వాత చుట్టూ కాజా కుట్టు, ఒక్కో కుట్టు పక్కన ఇంకొకటి ఆనుకుని ఉండేట్టు. పిందె లోపల గొలుసు కుట్టుతో ఒక తీగ, తీగ చివర ముడి కుట్లు మూడు, ఎర్రవి. మధ్యమధ్యలో రింగుని దూరంగా పట్టుకుని చూసేది. ఇదే రంగు గుడ్డ ఉందిగా అని నాయనమ్మ అడిగితే అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది: "దాచబోతే దాచామని తెలిసిపోద్ది అత్తయ్యా. పెట్టేదేదో కనబడేట్టే పెడదాం."

ఆ గౌను తొడుక్కుని నేను బడికి వెళ్ళాక చెల్లి తన గౌనుకీ మామిడిపిందె కావాలని మొదలుపెట్టింది. నీది చిరగలేదు కదే అంటే, చించుకొస్తానంది. చివరికి అమ్మ దానికీ కుట్టింది. అంటే మా ఇంట్లో ఒకే చేత్తో కుట్టిన మామిడిపిందెలు రెండున్నాయి. ఒకదాని కింద చిరుగు ఉంది, రెండోదాని కింద లేదు. అమ్మ రెండోదానికి తక్కువ శ్రద్ధ పెట్టిందా? లేదు. రెండింటికీ మూడేసి ఎర్ర ముళ్ళే. అవసరం మొదటి పిందెతోనే తీరిపోయింది, కోరిక అక్కణ్ణుంచి మొదలైంది. ఎంబ్రాయిడరీ ప్యాచ్ చరిత్ర మొత్తం బహుశా ఇలాగే నడిచి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఎక్కడో ఒకచోట రంధ్రం మూయడానికి పెట్టిన ముక్క మీద ఎవరికో చేయి ఆగక ఒక పువ్వు వేసి ఉంటారు. ఆ పువ్వు చూసి, రంధ్రం లేనివాళ్ళకి కూడా అది కావాలనిపించి ఉంటుంది.

ఆ కోరిక ఇప్పుడు ఎంత పెద్ద వ్యాపారమో చూడాలంటే విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత చుట్టుపక్కల ఒక మధ్యాహ్నం తిరిగితే చాలు. జాకెట్ల కోసం మగ్గం వర్క్ ప్యాచ్‌లు గాజు బల్లల కింద వరసగా ఉంటాయి. మెడకి ఒకటి, చేతులకి రెండు, వీపు మధ్యకి ఒకటి కలిపి సెట్టు. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి, ఆరీ సూదితో కింద నుంచి దారం లాగుతూ, జర్దోసీ, పూసలు, కుందన్లు పెట్టి చేసినవి కొన్ని. కంప్యూటర్ మిషను మీద కుట్టినవి ఇంకొన్ని. ఆడవాళ్ళు చీర కొంగు పట్టుకుని వచ్చి ప్యాచ్ పక్కన పెట్టి, వెలుతురులోకి తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి చూస్తారు. జాకెట్టు గుడ్డ మీదే మగ్గం పని చేయిస్తే రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. పైగా ఒళ్ళు వస్తే, తగ్గితే ఆ జాకెట్టు పెట్టెలోకే. ప్యాచ్ అయితే కుట్లు విప్పి ఇంకోదానికి మార్చుకోవచ్చు. పట్టుచీర మీద మరక పడినచోట, కొంగు దగ్గర పట్టు పిగిలినచోట ఒక చిన్న బుటా ప్యాచ్ పెట్టి, అది ఒక్కటే ఉంటే అనుమానం వస్తుందని అటూ ఇటూ మరో నాలుగు పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ నాలుగింటి కిందా ఏమీ ఉండదు. ఒక చిరుగుకి తోడుగా నాలుగు పువ్వులు! అమ్మ చేసిన పనే ఇది, ఇంకాస్త పెద్దమొత్తంలో.

ఒక ప్యాచ్ దొరికితే ముందు తిరగేసి చూస్తాను నేను. వెనక వైపు చూస్తే ఎవరు చేశారో కొంత తెలుస్తుంది. చేత్తో కుట్టినదానికి వెనక ముళ్ళుంటాయి, ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి అడ్డంగా దూకిన దారాలుంటాయి, రంగు అయిపోయి అదే జాతి ఇంకో రంగుతో ముగించిన చోటు కూడా దొరుకుతుంది. మిషనుదైతే బాబిన్ దారం తెల్లగా, ఒకే తీరున ఉంటుంది. అడుగున వేసిన కాగితం చింపేయగా అంచుల్లో మిగిలిన పీలికలుంటాయి. ఈ మిషను కథ పాతదే. జోషువా హైల్మన్ 1828లో ఫ్రాన్సులోని ముల్హౌస్‌లో అనేక సూదులు ఒకేసారి కదిలే యంత్రం చేశాడు. 1863లో స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లీ సూదికి తోడుగా పడవ ఆకారపు నాడెను పెట్టి, దారం తెగకుండా సాగే యంత్రం తయారుచేశాడు. ఒకే పువ్వుని వందల సార్లు, ఏ తేడా లేకుండా కుట్టడం అప్పటి నుంచి వీలైంది. బడి జేబు మీద బ్యాడ్జి నుంచి సైనికుడి భుజం దాకా ఆ పని ఇప్పుడు చాలావరకు యంత్రానిదే. మిషను మీద నాకు కోపం లేదు. ఆ పసుపు సీతాకోకచిలుక మిషనుదే, అయినా బాగుంది. కాకపోతే వెనక వైపు చూసినప్పుడు పలకరించడానికి అక్కడ ఎవరూ ఉండరు.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే బస్సులో ఒకసారి నా పక్కన ఒక లంబాడీ ముసలమ్మ కూర్చుంది. పేటియా లంగా కుచ్చెళ్ళు సీటంతా పరుచుకుని ఉన్నాయి. ఎర్రటి గుడ్డ కొత్తగా ఉంది. నడుము దగ్గరా, అంచుల్లోనూ అతికిన కుట్టుపని మాత్రం చాలా పాతది. గుండ్రటి అద్దాలు, చుట్టూ వాటిని పట్టి ఉంచే దారం, చిన్న చిన్న గళ్ళలో నింపుడు కుట్లు, గవ్వలు, అంచు పొడుగునా వరసగా త్రికోణపు గుడ్డముక్కలు. కొన్ని అద్దాలు మసకబారి వెలుతురు సరిగా తిప్పడం లేదు. నేను చూస్తున్నానని ఆమెకు తెలిసింది. ఎన్నాళ్ళదవ్వా అని అడిగాను. "నా పెళ్ళికి మాయమ్మ కుట్టింది. గుడ్డ మారతా ఉంటది, ఇది మారదు" అంది, అద్దాల పట్టీని రెండు వేళ్ళతో పట్టి చూపిస్తూ. గుడ్డ చిరిగినప్పుడల్లా కుట్టుపని విప్పి, కొత్త గుడ్డకి మళ్ళీ పెట్టుకుంటూ వచ్చిందామె. నేను అంతదాకా అతుకుని గుడ్డకి సాయంగానే చూశాను. ఆమె లెక్కలో గుడ్డే అతుకుకి సాయం. చిరిగేది గుడ్డ, నిలిచేది అతుకు. ఆ మాట విన్న తర్వాత బస్సు ఎత్తిపోతల మలుపు ఎప్పుడు దాటిందో నేను గమనించలేదు.

ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగిన జనం లంబాడీలు. ఇల్లు అంటూ ఒకచోట లేనివాళ్ళకి ఆస్తి ఒంటి మీదే ఉండాలి, మోసుకెళ్ళేట్టు ఉండాలి. ఈ కుట్టుపని విలువ ఇప్పుడు బజారుకీ తెలిసింది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు సంచుల మీదా, దుపట్టాల మీదా అదే పని చేసి అమ్ముకుంటున్నారు, అది సంతోషించాల్సిన విషయమే. నా మనసుకి పట్టనిది ఇంకో రకం అమ్మకం. తండాల్లో పాత కాంచళి రవికలు, పేటియాలు తక్కువ ధరకి కొని, ముక్కలు ముక్కలుగా కోసి, దిండు గలేబుల మీదా, చేతిసంచుల మీదా ప్యాచ్‌లుగా వేసి అమ్మేవాళ్ళున్నారు. నేనూ ఎగ్జిబిషన్లలో అలాంటివి చేతిలోకి తీసుకుని చూశాను. ఎవరి పెళ్ళికి ఎవరమ్మ కుట్టిందో ఆ ముక్క! ఒక ప్యాచ్ గుడ్డ నుంచి గుడ్డకి వెళ్ళడం వేరు, మనిషి నుంచి తెగిపోవడం వేరు. కొన్న వ్యక్తి దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నా, ఆ దారి మధ్యలో ఎక్కడో ఒక పేరు రాలిపోయింది. అయితే ఆ ముసలమ్మ మనవరాళ్ళు చుడీదార్లు వేసుకునే రోజుల్లో, ఆ పట్టీ పెట్టెలో పురుగు పట్టడం కంటే ఎవరి భుజానో వేలాడటం మేలు కాదా? ఈ రెండు మాటల మధ్య నేను ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నాను.

ఆ రోజు బస్సు దిగి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ వెళ్ళాను. మ్యూజియంలో బుద్ధుడి విగ్రహాల ముందు నిలబడి చీవరపు మడతలు చూస్తుంటే భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలోని ఒక ముచ్చట గుర్తొచ్చింది. బుద్ధుడు దక్షిణగిరి వైపు వెళుతూ మగధలో వరిపొలాలు చూస్తాడు. మళ్ళు, వాటి మధ్య గట్లు, గట్లు కలిసే చోట్లు. భిక్షువుల చీవరం ఇలా కుట్టగలవా అని శిష్యుడు ఆనందుణ్ణి అడుగుతాడు. ఆనందుడు గుడ్డను ముక్కలుగా కోసి, మళ్ళూ గట్లూ వచ్చేట్టు అతికి చూపిస్తాడు. కత్తి పడిన గుడ్డ మీద దొంగకైనా ఆశ పుట్టదని, సన్యాసికి అదే తగినదని అందులోని ఆలోచన. ఒక అతుకు ఆస్తిగా నిలిచేది ఆ బస్సులో, ఆస్తి కాకుండా పోవడానికి అతుకులు పెట్టుకున్నది ఈ కొండ మీద. రెండింటికీ మధ్య కృష్ణ మీద గంట సేపు ప్రయాణం. రాతిలో ఆ శిల్పి మడతలు చెక్కాడు గాని అతుకులు చెక్కలేదు. నాకు అది కాస్త వెలితిగా అనిపించింది. వరిమళ్ళు కుట్టుకుని తిరిగిన మనుషులు ఒకప్పుడు ఈ లోయలోని వరిమళ్ళ గట్ల మీదే నడిచి ఉంటారు. ఇప్పుడా లోయ సాగర్ నీళ్ళ అడుగున ఉంది.

సైనికుడి భుజం మీద ప్యాచ్ ఇంకో లోకం. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో పోరాడిన నాలుగో భారత డివిజనుకి ఎర్ర గద్ద, బర్మాలో పోరాడిన పదిహేడో డివిజనుకి నల్లపిల్లి. దళం పేరు రాయకుండానే మనవాళ్ళెవరో మనకి తెలియాలి, శత్రువుకి తెలియకూడదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యంలోకి వెళ్ళిన ఇళ్ళున్న ఊరు. అలాంటి ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున మెడల్స్‌తో పాటు వెలిసిపోయిన గుడ్డబిళ్ళలు కూడా ఉంటాయి. మెడల్ ప్రభుత్వం ఇచ్చింది. గుడ్డబిళ్ళ మాత్రం ఎండలో, చెమటలో, బురదలో ఆ మనిషితో పాటు తిరిగింది. నాకైతే రెండోదే చేత్తో తాకాలనిపిస్తుంది.

అంతరిక్షంలోకి కూడా ఇవి వెళ్ళాయి. 1965లో జెమినీ 5 నౌకలో ఎనిమిది రోజుల ప్రయాణానికి వెళ్ళే ముందు వ్యోమగామి గోర్డన్ కూపర్ తమకంటూ ఒక గుర్తు ఉండాలని పట్టుబట్టి, పాతకాలపు గూడుబండి బొమ్మతో ప్యాచ్ తయారు చేయించాడు. ఎనిమిది రోజులూ ఉంటాం, లేదా ఓడిపోతాం అనే అర్థం వచ్చే మాట దాని మీద ఉంది. నాసా అధిపతి జేమ్స్ వెబ్‌కి అది నచ్చలేదు. ప్రయాణం మధ్యలో ఆగిపోతే నవ్వులపాలవుతామని, ఆ మాట మీద ఒక చిన్న గుడ్డ కప్పించాడు. ప్యాచ్ మీద ప్యాచ్ అన్నమాట! అపోలో 11 గుర్తును గీసింది దాని ముగ్గురు వ్యోమగాముల్లో ఒకరైన మైకేల్ కాలిన్స్. చంద్రుడి మీద వాలుతున్న గద్ద, ముందు నోట్లో ఉండి, గోళ్ళు మరీ భయపెడుతున్నాయని తర్వాత కాళ్ళలోకి మారిన ఆలివ్ కొమ్మ. మామూలుగా ప్యాచ్ మీద ఉండే వ్యోమగాముల పేర్లు అందులో లేవు. ఆ పనికి చేయి వేసిన వేలమందికి అది చెందాలని ముగ్గురూ అలా నిర్ణయించుకున్నారు. స్పేస్‌సూట్ల మీద పెట్టినవి దారంతో కుట్టినవి కూడా కావు. 1967లో అపోలో 1 లోపల మంటలు లేచి ముగ్గురు చనిపోయాక, నిప్పంటుకోని గుడ్డ మీద అచ్చువేసి పెట్టారు. పేర్లు వదులుకున్న ఆ గుర్తంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఇంతవరకూ చెప్పినవన్నీ మనిషి తనంతట తాను పెట్టుకున్నవి, కోరి తెచ్చుకున్నవి. కోరనివీ ఉన్నాయి. 1941 సెప్టెంబరులో జర్మనీలో యూదులు, ఆరేళ్ళు నిండిన పిల్లలతో సహా, పసుపు నక్షత్రం లేకుండా బయట కనిపించకూడదని ఆజ్ఞ వచ్చింది. అరచేతి వెడల్పు, మీద నల్ల అక్షరాలు. ఎడమ వైపు రొమ్ము మీద గట్టిగా కుట్టి ఉండాలని అందులో రాశారు. గట్టిగా కుట్టి! ఆ రెండు మాటల దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఎవరు కుట్టారు? అమ్మలే కుట్టి ఉంటారు. పిల్లాడి కోటు ఒళ్ళో పెట్టుకుని, వంకర రాకుండా అంచు మడిచి, మామిడిపిందె కుట్టిన చేతులకున్న నేర్పుతోనే కుట్టి ఉంటారు. సూది అదే, దారం అదే, ఒడి అదే. చిరుగు లేనిచోట పెట్టిన ముక్కే అదీ. కానీ అది పెట్టాకే అక్కడ గాయమైంది. మనిషి మీద ఒక గుర్తు కుట్టే హక్కు ఎవరిదన్నది ఇక్కడికి వచ్చాక చిన్న ప్రశ్నగా మిగలదు.

అదే సూదిని అధికారం మీదికి తిప్పిన ఆడవాళ్ళూ ఉన్నారు. చిలీలో 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం లాక్కున్నాక వేలమంది అరెస్టయ్యారు, ఎందరో మళ్ళీ కనిపించలేదు. శాంటియాగోలో వాళ్ళ తల్లులూ, భార్యలూ చర్చి అండతో ఒకచోట కూడి, గోనెపట్టాల మీద గుడ్డముక్కలు అతికి బొమ్మలు కుట్టడం మొదలుపెట్టారు. కొండలు, ఇళ్ళు, సూర్యుడు, జైలు గోడ ముందు నిలబడ్డ ఆడవాళ్ళు. కొన్నిసార్లు మాయమైన మనిషి చొక్కాలోంచే ముక్క తీసి పెట్టారు. వెనక వైపు చిన్న జేబు కుట్టి, అందులో ఏం జరిగిందో రాసిన చీటీ మడిచి పెట్టేవాళ్ళు. అవి రహస్యంగా దేశం దాటి వెళ్ళాయి. కాగితాన్ని పట్టుకుంటారు, గుడ్డబొమ్మను ఆడవాళ్ళ కాలక్షేపమనుకుని వదిలేస్తారు. ఆ చిన్నచూపే వాళ్ళకి దారి ఇచ్చింది. కొడుకు చొక్కా కోయడానికి ఆ తల్లి కత్తెర ఎలా పట్టుకుని ఉంటుందో నేను ఊహించలేను. కోసింది, కుట్టింది, దాన్ని కొత్త మనుషుల ముందుకి పంపింది.

మళ్ళీ ఆ నీలం గౌను దగ్గరికి నా ఆలోచన వెళ్ళినప్పుడు, చిరుగు ఉందా లేదా అనేది అడగాల్సిన ప్రశ్న కాదనిపిస్తోంది. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, పాతబట్టలతో బొంతలు కుడతారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కలు ఒకదాని మీద ఒకటి అతుకుతూ లోపలికి వస్తారు. అంతా అయ్యాక నాలుగు మూలలా త్రికోణాలుగా మడిచిన చిన్న రంగు ముక్కలు కుడతారు. వాటిని పువ్వులంటారు. చలికి వాటితో పని లేదు, బలానికీ లేదు. అవి లేని బొంత మాత్రం వాళ్ళ దృష్టిలో పూర్తయినట్టు కాదు, దిసమొలతో ఉన్నట్టు లెక్క. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? అవసరం తీరిన తర్వాత వచ్చేది సోకు అని మనం అనుకుంటున్నాం. వాళ్ళ బొంత మీద ఆ పువ్వు వచ్చేదాకా అవసరమే తీరదు.

పోయిన వారం మా వదిన తన పెళ్ళి జాకెట్టు పట్టుకుని వచ్చింది. మేనకోడలికి ఓణీల వేడుక పెట్టుకున్నారు. పాత పచ్చ పట్టు జాకెట్టు మీది జర్దోసీ పని తీయించి, పిల్ల కొత్త జాకెట్టుకి వేయించాలని ఆమె కోరిక. ముగ్గురం కలిసి సందు చివర లేడీస్ టైలరు అక్క దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, జాకెట్టుని తిప్పి, లోపలి కుట్లు వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. "మెడ పని చెయ్యదమ్మా, చెమటకి జరీ నల్లబడింది. చేతుల మీది నెమళ్ళు బాగున్నాయి, అవి వస్తాయి" అంది. వదిన మొహం కాస్త చిన్నబోయింది. "చేతులు చాలమ్మా, మెడకి సాదాగా పైపింగ్ పెట్టించుకుందాం" అని పిల్లే సర్దిచెప్పింది. నెమళ్ళు రెండూ ముందు వైపుకి చూడాలా, వెనక్కా అని కొంత చర్చ జరిగింది. ముందుకే అని తేలాక టైలరు అక్క కత్తెర తీసి అడిగింది: "దారం దాకా కోసెయ్యనా, పాత పట్టు పావంగుళం ఉంచనా? ఉంచితే గట్టిగా ఉంటది గాని, గులాబీ రంగు మీద పచ్చ అంచు కనబడుద్ది మరి."

"కనబడనీ అక్కా" అంది వదిన. టైలరు అక్క సుద్దతో నెమళ్ళ చుట్టూ గీత గీసి, ట్రయల్‌కి గురువారం రమ్మంది.